మన ఎండకు వంద అడుగులు చాలవు

సంపాదకులకు నమస్కారం.

శిక్షణ హెలికాప్టర్ కూలి ఇద్దరూ చనిపోయారన్న వార్త రాగానే ‘సాంకేతిక లోపమా, పైలట్ తప్పిదమా’ అని చర్చ మొదలవుతుంది. నిక్షేపంగా ఉన్న ఇంజిన్‌తో, ఇంజిన్ ఆగితే ఎలా దిగాలో సాధన చేస్తూ కూలినవి తక్కువేం కాదు.

ఆ సాధన పేరు ఆటోరొటేషన్. ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్ తగ్గించేస్తాడు, ట్రైనీ వెంటనే కలెక్టివ్ లివర్‌ను (రోటర్ బ్లేడ్లన్నిటి వాలును ఒకేసారి మార్చే పిడి) కిందికి దించేయాలి. అప్పుడు కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది. రాబిన్సన్ ఆర్-22 లాంటి చిన్న హెలికాప్టర్‌లో రోటర్ తేలిక, క్షణం ఆలస్యమైనా ఆర్పీఎం, అంటే రోటర్ తిరిగే వేగం, జారిపోతుంది. 97 శాతం దగ్గర హారన్ మోగుతుంది. 80 దగ్గరికి వచ్చిందంటే బ్లేడ్లకు గాలి మీద పట్టు పోతుంది, ఇక ఎంతటి ఇన్‌స్ట్రక్టరైనా చేసేదేం లేదు.

దీనికి తయారీ కంపెనీయే ఒక హద్దు పెట్టింది. వంద అడుగులకు దిగేసరికి ఆర్పీఎం ముల్లు మీటరు మీది ఆకుపచ్చ గీత మధ్యలో ఉండాలి, వేగం 60-70 నాట్ల మధ్య నిలకడగా ఉండాలి, దిగే వేగం నిమిషానికి 1,500 అడుగులు మించకూడదు, మలుపు పూర్తయిపోవాలి. ఒక్కటి తప్పినా వెంటనే పవర్ ఇచ్చి సాధన ఆపేయాలి. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి లెక్కగట్టే ఎత్తు; ఎండ పెరిగితే ఇదీ పెరుగుతుంది) 4,000 అడుగులు దాటితే ఆ హద్దు 200 అడుగులకో, ఇంకా పైకో జరపాలని కూడా అదే సూచనలో ఉంది.

మనకు కావలసిన మాట అదీ. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11-12 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 ఉంటే 30 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600 కలిపితే మొత్తం 5,300 దాటుతుంది. మేదాకా ఎందుకు, 31 డిగ్రీలకే 4,000 దాటేస్తుంది. అంటే హైదరాబాద్‌లో ఏడాదిలో చాలా మధ్యాహ్నాలు 200 అడుగుల లెక్కలోకే వస్తాయి.

నిమిషానికి 1,500 అంటే సెకనుకు 25 అడుగులు. నలభై అడుగుల దగ్గర ముక్కు ఎత్తడం మొదలుపెట్టాలి కాబట్టి, వంద నుంచి అక్కడికి రెండున్నర సెకన్లు కూడా లేవు. 200 నుంచైతే ఆరు దాటుతాయి. పల్చటి గాలిలో ఇంజిన్ బలమూ తగ్గుతుంది, పడుతున్న హెలికాప్టర్‌ను ఆపడానికి ఎత్తు ఎక్కువ కావాలి. ‘కుర్రాడు సర్దుకుంటాడులే’ అని ఇన్‌స్ట్రక్టర్ ఆగేది సరిగ్గా ఆ రెండు సెకన్లే. తర్వాత కంగారుగా, ఆర్పీఎం అందుకోకముందే కలెక్టివ్ లాగితే ఉన్న ఆర్పీఎం కూడా పోతుంది.

ఒక పని మీద ధ్యాస నిలిచిపోతే అనుభవమూ కాపాడదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి ముఖ్యమంత్రి వైఎస్‌తో బయల్దేరిన బెల్ 430 సిబ్బంది, ముందు దట్టమైన మేఘం ఉండగా ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక మీదే తలమునకలయ్యారని విచారణలో తేలింది.

ఏ రోజుకారోజు డెన్సిటీ ఆల్టిట్యూడ్, దానికి తగ్గ హద్దు రెండూ ప్రతి శిక్షణ సంస్థ బోర్డు మీద రాసి, ట్రైనీ చేత పైకి చదివించాకే థ్రాటిల్ ముట్టుకోనివ్వాలి. మీ విలేకరులు కూడా ప్రమాదం జరిగితే ఆ గంట ఉష్ణోగ్రత ఎంత, పవర్ ఎన్ని అడుగుల దగ్గర ఇచ్చారు అని దర్యాప్తు అధికారులను అడగాలి.

– ఒక పాఠకుడు, బోయినపల్లి, సికింద్రాబాద్