ఇంటి ఆల్బమ్‌కు ముందు గది, తర్వాతే మైకు

సంపాదకులకు నమస్కారం.

సినిమాతో పనిలేని తెలుగు పాట మళ్లీ ఇళ్లలో పుడుతోంది. విజయవాడలో, గుంటూరులో నలుగురైదుగురు పిల్లలు కలిసి ఒక గిటారు, ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్‌తో పడకగదిలోనే తొలి ఆల్బమ్ పూర్తిచేస్తున్నారు. ఎంతో సంతోషించాల్సిన విషయం. కానీ ఈ ఆల్బమ్‌లలో చాలావాటికి ఒకటే జబ్బు: బాణీ బాగుంటుంది, మాట వినబడదు. ఉన్న డబ్బంతా మైకు మీద పెట్టి గదిని వదిలేయడం దగ్గరే ఆ జబ్బు మొదలవుతుంది.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పడకగది రికార్డింగుకు బొత్తిగా పనికిరాని కొలత. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. ఆ లెక్కన పది అడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర, మళ్లీ 113 దగ్గర మోత లేస్తుంది. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు మోతలూ అక్కడే పోగుపడతాయి. మగగొంతు కింది స్వరాలు సరిగ్గా ఆ 113 చుట్టుపక్కలే ఉంటాయి. మైకు ఖరీదైనదైతే ఆ మోతను ఇంకా స్పష్టంగా పట్టిస్తుంది, అంతే. గోడలకు కోడిగుడ్ల అట్టలు, అంగుళం మందం ఫోము అంటిస్తే పై ధ్వనులు కాస్త తగ్గుతాయి గానీ కింది మోత అలాగే ఉండిపోతుంది. అప్పుడు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

మన ఇళ్లలో దీనికి మందు ఉంది: దూది పరుపులు, బొంతలు. దండెం కట్టి రెండు మూడు బొంతలు కలిపి వేలాడదీయండి. గోడకు ఆనించకుండా అరడుగు ఎడం ఉంచితే ఇంకాస్త కింది ధ్వనులను కూడా పీల్చుకుంటాయి. వాటిని మైకు వెనక కడుతుంటారు, కట్టాల్సింది పాడేవారి వెనక. ముందు వైపు ధ్వనినే ఎక్కువగా పట్టే మామూలు కార్డియాయిడ్ మైకుకు వీపు వైపు వినికిడి తక్కువ. దాని ముఖం పాడేవారి వైపు, వారి వెనకున్న గోడ వైపు ఉంటుంది. గది నడిమధ్యన గానీ మూలన గానీ నిలబడవద్దు. మైకుకూ నోటికీ జానెడు దూరం చాలు. మధ్యలో ఎంబ్రాయిడరీ రింగుకు పల్చటి గుడ్డ బిగించి పెడితే ప, బ, భల ఊపిరి దెబ్బ మైకుకు తగలదు. బెత్తెడు కంటే దగ్గరికి వస్తే గొంతు అక్కర్లేని బరువెక్కుతుంది.

ఫ్యాను, ఏసీ ఆపాల్సిందే. మే నెల బెజవాడలో ఇది చిన్న మాట కాదు. అందుకే తెల్లవారుజామున, వీధి లేవకముందు పాడించడం మేలు. వేడికి తీగల శ్రుతి జారుతుంది, ప్రతి టేకుకూ ముందు గిటారు సరిచూసుకోవాలి.

గుయ్‌మనే రొద వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోయిందంటే దోషం కరెంటు దారిలో ఉంది. ల్యాప్‌టాప్, మైకును దానికి కలిపే ఇంటర్‌ఫేసు, యాంప్లిఫయరు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి తీసుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. రొద పోతుందని ఎర్తు పిన్ను మాత్రం తీసేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

24 బిట్‌లో (ధ్వని హెచ్చుతగ్గులను సన్నగా కొలిచే అమరికలో) రికార్డు చేసేటప్పుడు మీటరు సున్నా దాకా పోనక్కర్లేదు. గట్టిగా పాడినచోట కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుంటే మంచిది. సున్నా దాటి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. గుంటూరు నుంచి గిటారు, విజయవాడ నుంచి గొంతు వచ్చి కలిసేటప్పుడు శాంపుల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలన్నది) అందరూ 48 కిలోహెర్ట్జ్ అనుకుంటే 48లోనే ఉండాలి. 44.1లో చేసినదాన్ని మార్చకుండా 48గా నడిపిస్తే పాట వేగం పెరిగి, శ్రుతి గిటారు మీద దాదాపు ఒకటిన్నర మెట్లు పైకి పోతుంది. ఫైళ్లన్నీ పాట మొదటి క్షణం నుంచి, వేవ్ రూపంలో పంపుకోవాలి. ఎంపీత్రీ అయితే మొదట్లో చిన్న ఖాళీ చేరి తాళం తప్పుతుంది.

ఇక మిక్సింగు, అంటే విడివిడిగా రికార్డు చేసినవాటిని కలిపే పని. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, పాడేవారి ఊపిరి తగ్గేదీ అక్కడే. వస్తాను, వస్తావు, వస్తాడు: చివరి అక్షరం గిటారు కింద మునిగితే వచ్చేది ఎవరో తెలియదు. ధ్వని హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ ఒక్కదానికే వదిలేస్తే ఊపిరి శబ్దమూ పెరుగుతుంది. పాట పొడవునా కూర్చుని మాట మాటకూ చివరి అక్షరాన్ని చేత్తో రెండు మూడు డెసిబెల్స్ లేపాలి. విసుగు పుట్టే పనే, కానీ ఆల్బమ్ నిలిచేది దాని మీదే. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య శ, స లాంటి అక్షరాల బుస తగ్గించడానికి డీఎస్సర్ అనే సాధనం వాడతారు. అతిగా నొక్కితే శ, స ఒకటైపోతాయి. రివర్బు (గొంతుకు చేర్చే గది ప్రతిధ్వని) పొడుగైతే ముందు మాట తోక వెనక మాట మీద పడుతుంది.

చివర్లో పాట గట్టిగా వినబడాలని, శిఖరాలను అణిచే లిమిటర్‌తో పిండేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (వినబడే గట్టితనపు కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. గట్టిగా చేసిన పాటను అదే తగ్గిస్తుంది, నలిగిన ధ్వని మాత్రం నలిగినట్టే మిగులుతుంది. ధ్వని శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపితే చాలు. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగు ఎవరిది అన్నది విడుదలకు ముందే కాగితం మీద రాసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ఈ మూడింటినీ వేర్వేరు హక్కులుగానే చూస్తుంది.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. కవి, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారు డైరెక్టరుగా ఉన్న కేంద్రమది. సినిమాకు బయట పాట ఉంటుందని ఈ ఊరికి లలిత సంగీతం ద్వారా చూపిందీ అదే. ఆ గీతాల్లో మాట దాగేది కాదు. పడకగదిలో పాట చేస్తున్న నేటి పిల్లలు ఆ వరసలోని వారే.

అందుకే మీకొక విన్నపం. ఇలాంటి ఆల్బమ్‌ను మీ ఆదివారం అనుబంధంలో పరిచయం చేసేటప్పుడు, రచయిత అనుమతితో, పేరుతో సహా, ఒక పాట సాహిత్యమైనా పూర్తిగా అచ్చువేయండి. చదువుతూ వింటే ఏ మాట ఎక్కడ పోయిందో వినేవారికీ, చేసినవారికీ తెలుస్తుంది.

– రికార్డింగు పనిలో ఉన్న కొందరు మిత్రులు, విజయవాడ