ముందు రెండూ సరిచేయండి, ఆ తర్వాత పోల్చండి

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అదే రోజు వంద రూపాయలు దాటని సినిమా టికెట్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే మాత్రం 18 శాతమే. పెద్ద టీవీ కొందామా, హాలుకే పోదామా అని ఆలోచించేవాళ్లు ఈ ధరలే చూస్తున్నారు. కానీ హాలులోనూ ఇంట్లోనూ సినిమాను పాడుచేసేవి వేరే ఉన్నాయి. వాటిలో చాలావరకు పైసా ఖర్చు లేకుండా సరయ్యేవే.

డీసీఐ (హాలీవుడ్ స్టూడియోలు కలిసి పెట్టిన డిజిటల్ సినిమా) ప్రమాణాల ప్రొజెక్టర్ ఉన్న హాలుకు వచ్చే కాపీలో సెకనుకు 250 మెగాబిట్ల దాకా సమాచారం ఉంటుంది. ఓటీటీలో 4కే అన్నా అది పాతిక దాటడం అరుదు. చీకటి సీన్లలో పొగ, మంచు ఇంట్లో చారలు చారలుగా విడిపోయేది అందుకే. అంత మంచి సరుకు చేతిలో ఉండి కూడా హాళ్లు దాన్ని వెలుతురు దగ్గర పోగొట్టుకుంటున్నాయి. తెర నడుమ 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే యూనిట్) వెలుగు ఉండాలన్నది లెక్క. దాన్ని కొలిచే మీటర్ ఎన్ని ప్రొజెక్టర్ క్యాబిన్లలో ఉందో అడిగి చూడండి. ప్రొజెక్టర్‌లో వెలిగే జినాన్ ల్యాంప్ ఉన్నట్టుండి డల్ కాదు. గంటలు పెరిగేకొద్దీ లోపల నల్లబడుతూ కొంచెం కొంచెంగా తగ్గుతుంది కాబట్టి రోజూ చూసే ఆపరేటర్ కంటికి తేడా ఆనదు. కంపెనీ చెప్పిన గంటలు దాటాక కూడా లాగిస్తే ఒక్కోసారి పేలుతుంది. అప్పుడు దాని వెనక వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ కూడా పోతుంది, మిగిలిందనుకున్న డబ్బు రెట్టింపై పోతుంది. కొత్త ల్యాంప్ వేసినా, బొమ్మ హాలులోకి వచ్చే క్యాబిన్ కిటికీ అద్దానికి దుమ్ము, జిడ్డు ఉంటే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ అద్దం తుడవడానికి పట్టేది ఐదు నిమిషాలు. లేజర్ ప్రొజెక్టర్ ఉన్నచోట ల్యాంప్ గోల లేదు గానీ అద్దం గోల అక్కడా తప్పదు.

త్రీడీ కోసం వేసిన వెండిపూత తెర మీద మామూలు సినిమా ఆడితే నడుమ మెరుపు, అంచులు మసక. అలాంటి హాలులో అంచు సీట్లు తీసుకోకండి. త్రీడీ ఫిల్టర్‌ను లెన్సు ముందు నుంచి తీయకుండానే మామూలు ఆట నడిపేస్తే అది ఇంకా అన్యాయం. సగానికి పైగా వెలుతురు అక్కడే ఆగిపోతుంది.

ఇక మాటలు. హాలులో డైలాగు ప్రధానంగా తెర వెనక నడుమ ఉన్న స్పీకర్ నుంచి వస్తుంది. ఆ శబ్దం ఇవతలికి రావడానికే తెరకు సన్న రంధ్రాలు ఉంటాయి. ఆ స్పీకర్‌లో సన్నని శబ్దాలు పలికించే హారన్ డ్రైవర్ కాలిపోతే స, శ, ష మొద్దుబారి, నటులంతా నోటికి దస్తీ అడ్డం పెట్టుకొని మాట్లాడినట్టుంటుంది. జనం అరిస్తే ఆపరేటర్ వాల్యూం పెంచుతాడు. మాట తేటపడదు, ఫైట్ వచ్చేసరికి చెవులు గింగిర్లెత్తుతాయి. ఫేడర్ (హాలు వాల్యూం మీట) 7 మీద ఉన్నప్పుడు తెర వెనక ఒక్కో స్పీకర్ చానల్ 85 డెసిబెల్స్ ఇచ్చేలా హాలును ట్యూన్ చేయాలి. స్టూడియోలో మిక్సింగ్ చేసేది ఆ లెక్క మీదే. మొదటి రోజు ఈలల్లో వినబడాలని 7 దాటించే హాళ్లున్నాయి, గోల ఎక్కువైందంటే 4కి దించేసేవీ ఉన్నాయి. కాలిన డ్రైవర్ మార్చేదాకా ఏం చేసినా దండగే.

ఇంట్లోనూ ఫిర్యాదు ఇదే. మాట వినబడదు, పాట రాగానే రిమోట్ కోసం వెతుకులాట. కారణం మాత్రం వేరు. ఓటీటీ నుంచి 5.1 సౌండ్ (ఐదు స్పీకర్లకు, ఒక బాస్ స్పీకర్‌కు విడివిడిగా ఉండేది) వస్తుంది, టీవీకేమో కింది వైపు తిరిగిన చిన్న స్పీకర్లు. నడుమ చానల్ మాటలను వాటిలోకి కుక్కేటప్పుడు అవి మిగతా శబ్దంలో మునిగిపోతాయి. యాప్‌లో ఆడియో దగ్గర స్టీరియో (రెండు స్పీకర్ల) ట్రాక్ ఉంటే అది పెట్టండి. సౌండ్‌బార్ కొంటే నడుమ స్పీకర్ విడిగా ఉండే 3.1 గానీ ఆపైది గానీ కొనండి. టీవీ వెనక ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బయటికి పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐకే కలిపి, సెంటర్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోండి. నడుమ స్పీకర్ లేని 2.1 కొని బాస్ అదిరిందని మురిసిపోతే మాటల బాధ తీరదు.

షోరూం లైట్ల కింద కళ్లు చెదరాలని టీవీని వివిడ్ మోడ్‌లో పెడతారు. ఇంటికొచ్చాక కూడా దాన్ని అలాగే వదిలేస్తారు. సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టండి. మొదట పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములే. టీవీ లేని ఫ్రేములు తానే కల్పించి నడుమ దూరిస్తే పెద్ద సినిమా కూడా సీరియల్‌లా తయారవుతుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అని ఉండేది అదే. ఆపేయండి, క్రికెట్‌కు కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరం సరిపోతుంది. మన ఇళ్లలో సోఫా పన్నెండు అడుగుల అవతల గోడకు ఆని ఉంటుంది, టీవీ దేవుడి పటాల ఎత్తున ఉంటుంది!

ప్రొజెక్టర్ కొనేవాళ్లకు ఒక లెక్క. వంద అంగుళాల తెర దాదాపు 30 చదరపు అడుగులు. హాలుకు చెప్పిన 14తో గుణిస్తే 420 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే వెలుతురు కొలత). అయితే అది చిమ్మచీకట్లో. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే 2,000 కూడా చాలవు, ఎందుకంటే తెర మీద నలుపును వేయడం ఏ ప్రొజెక్టర్‌కూ సాధ్యం కాదు. కిటికీలకు మందపాటి పర్దాలు ముందు, ప్రొజెక్టర్ తర్వాత. చవక పెట్టెల మీద వేలకు వేలు రాసి ఉండే ల్యూమెన్లు నమ్మకండి, ఆన్సీ (ప్రమాణం ప్రకారం కొలిచినది) అని రాసిన అంకె చూడండి.

హాలులో తేడా కనిపిస్తే ఆట మొదలైన పది నిమిషాల్లోపే మేనేజర్‌కు చెప్పండి. సౌండ్ బాగాలేదంటే వాల్యూం పెంచి పంపేస్తారు. సెంటర్ స్పీకర్‌లో హారన్ రావట్లేదు, ఎడమ అంచు ఫోకస్ లేదు, త్రీడీ ఫిల్టర్ తీయలేదు అని విడమరిచి చెబితే క్యాబిన్ దాకా మనిషి వెళ్తాడు. ఫోకస్, ఫిల్టర్, ఫేడర్ అప్పటికప్పుడే సరవుతాయి. ల్యాంప్ మాత్రం ఇంటర్వెల్‌లో మార్చేది కాదు, చల్లారాకే ముట్టుకోవాలి. దాన్ని మర్నాడు మార్నింగ్ షోకు ముందు మార్చమని అడగండి.

– సినిమా హాళ్ల ప్రొజెక్షన్, సౌండ్ పనివాళ్లు, హన్మకొండ