పోయిన డిసెంబరు మంచు, ఈ డిసెంబరు మంచు

మా దగ్గర మోడల్ రైళ్ల లేఔట్లు, అంటే బల్ల మీద పట్టాలు, కొండలు, ఇళ్లతో కట్టే నమూనాలు, చేయించుకున్న అందరికీ నమస్కారం. పోయినేడు క్రిస్మస్‌కి మంచు చల్లించుకుని, సంక్రాంతికి తీయించుకున్న ఆరుగురూ ముఖ్యంగా చదవండి. తప్పు నాది, అందుకే నేనే రాస్తున్నాను.

తాత్కాలిక మంచు అని చెప్పి, 1,500 తీసుకుని మేం చల్లింది వంటసోడా. చవక, సన్నగా ఉంటుంది, టీ జాలీలో పోసి వేలితో తడితే అచ్చం మంచు కురిసినట్టే పడుతుంది. జనవరిలో బ్రష్షు కొట్టి, వ్యాక్యూమ్ పెట్టి తీసేశాం. తీసేశామనుకున్నాం. జులైలో ఒకాయన ఫోన్ చేసి, "ఇంజిన్ స్టేషన్ దాటగానే చచ్చిపోతోందండీ" అన్నారు. వెళ్లి టార్చి వేసి చూస్తే కంకర సందుల్లో మిగిలిన సోడా వానాకాలం తేమకి గడ్డకట్టింది. పట్టాల పక్కన ఆకుపచ్చ చిలుము. మనం వాడేవి నికెల్ సిల్వర్ పట్టాలు. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి లేదు, ఎక్కువ భాగం రాగి. పట్టాలోంచి చక్రానికి, చక్రంలోంచి మోటారుకి 12 వోల్టులు అందాలి, మధ్యలో కాస్త పొర అడ్డం పడినా బండి ఆగుతుంది. ఇక పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక దారిలోంచి ఇంకో దారికి మళ్లే చోట, కదిలే పట్టాముక్క బిగుసుకుపోయి గోరుతో నెట్టినా రాలేదు.

మిగిలిన ఐదుగురికీ నేనే ఫోన్లు చేశాను. రెండు లేఔట్లు బాగుచేసి ఇచ్చేశాం, నాలుగు ఉన్నాయి. అన్నీ ఉచితమే. పాయింట్లు మార్చాల్సొస్తే ఆ ఖర్చూ మాదే.

సోడా పోతే ఇంకేం చల్లాలి? రెండు నెలలు వర్క్‌షాప్‌లో పాత బల్ల మీద అన్నీ చల్లి చూశాం. బియ్యప్పిండి మూడో రోజుకే చీమలకి విందైంది. ఉప్పు మాట ఎత్తనక్కర్లేదు, ఇనుప మేకు పక్కన పెడితేనే తెలుస్తుంది. ముగ్గుపిండి మీద నాకు చాలా ఆశ ఉండేది, రంగు బ్రహ్మాండం. కానీ అది రాతిపొడి. ఇంజిన్ గేర్ల నూనెలో కలిస్తే సాన పట్టినట్టు పళ్లని అరగదీస్తుంది. పిల్లల డైపర్లలో ఉండే పొడి ఒకటుంది, నీళ్లు పోస్తే ఉబ్బి అచ్చం మంచులా అవుతుంది. చూడటానికి ముచ్చటే, కరెంటు పారే పట్టాల పక్కన తడి సరుకు పెట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.

చివరికి అర్థమైంది ఏంటంటే, తీయాల్సిన మంచుని అసలు చల్లకూడదు. పరవాలి.

ఈసారి కొండలకి దిండ్లలో కూరే పాలిస్టర్ దూదిని పొరలుగా చీల్చి దుప్పటి చేస్తున్నాం. మందం మూడున్నర మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు కొలతలో 87లో ఒక వంతు కదా, లెక్కేస్తే అది అడుగు మంచు. అంతకంటే మందమైతే ఇళ్లు పరుపుల్లో కూరుకుపోయినట్టుంటాయి. ప్రతి ఇంటి కప్పుకీ అట్టతో ఒక టోపీ, పైన సన్నగా ప్లాస్టర్ పూత. రెండు వేళ్లతో ఎత్తితే వచ్చేస్తుంది. చెట్లకి రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి, పచ్చ చెట్టు పీకి మంచు చెట్టు గుచ్చడమే. పట్టాల మధ్య తెల్ల రంగు వేసిన పలుచటి ప్లాస్టిక్ పట్టీ. చక్రం అంచు పట్టా లోపలి వైపు దిగి నడుస్తుంది కాబట్టి, అది తగలకుండా పట్టీని కాస్త ఇరుకుగా కోస్తున్నాం. పాయింట్ల మీద ఏమీ ఉండదు. అక్కడ నేల బోసిగా కనిపిస్తుంది, సర్దుకోండి.

2025 జూన్‌లో కట్రా–శ్రీనగర్ వందేభారత్ మొదలైనప్పటి నుంచి అందరూ కశ్మీర్ సీనే అడుగుతున్నారు. ఆ మాటకొస్తే బనిహాల్–బారాముల్లా లైను మీద అంతకుముందు నుంచీ మంచులో రైళ్లు నడుస్తున్నాయి. పోయినేడు మేం చేసింది చూసి, కశ్మీర్‌లో పనిచేసి రిటైరైన ఒక ఆర్మీ ఆయన, "బాబూ, ప్లాట్‌ఫాం రేకు కింద మంచెలా పడింది?" అన్నారు. నోట మాట రాలేదు. నిజమే, రేకు కింద పొడిగా ఉంటుంది. రైలు పోయాక రెండు పట్టాలూ నల్లటి గీతల్లా తేలతాయి. ఆ లైను మీది పీర్ పంజాల్ సొరంగం 11 కిలోమీటర్ల పైమాటే, మంచు దాని నోటి దగ్గరే ఆగాలి. మా కుర్రాడు లోపలికి జానెడు దూరం చల్లేశాడు, నేనూ చూసుకోలేదు. ఆయన్నే పిలిచి కొత్త నమూనా చూపించాం. మంచుని ఇంటికి ఒకే పక్క, గాలి తోసినట్టు పోగెయ్యమన్నారు. అలాగే చేశాం. ఒకటి మాత్రం నేను కనిపెట్టాను: పసుపు బల్బుల కింద ఎంత మంచి మంచైనా నెయ్యి రాసినట్టే ఉంటుంది, అందుకే సెట్‌తో పాటు రెండు తెల్ల ఎల్‌ఈడీలు ఇస్తున్నాం.

ధర 6,500, ఆరడుగులకి నాలుగడుగుల లేఔట్‌కి. ఎక్కువేనని తెలుసు. దూది కాదు ఖరీదు, మూడు రోజుల చేతి పని. అయితే సెట్ మీదే, డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఏడు మళ్లీ కొనక్కర్లేదు. సోడా బాధితులు ఆరుగురికీ పాత 1,500 ఇందులో తగ్గిస్తాను. సెట్ వద్దంటే డబ్బులే వెనక్కిస్తాను. ఈ సీజన్‌కి ఎనిమిది మాత్రమే చేయగలం, డిసెంబర్ 5 లోపు చెప్పాలి. ఇంకా చిన్న సైజైన ఎన్ స్కేల్ వాళ్లకి ఈ ఏడు లేదు. తొమ్మిది మిల్లీమీటర్ల ఎడంలో ఉండే పట్టాల మధ్య పట్టీ ఇంకా సరిగ్గా కుదరడం లేదు.

మిగిలిన నలుగురికీ ఒక మాట. మేం వచ్చేదాకా తడిగుడ్డతో తుడవకండి. సోడా నీళ్లలో కరిగి కంకర అడుగుకి దిగుతుంది, ఆరాక మళ్లీ తెల్లగా పైకొస్తుంది. కరెంటు తీసేసి, వ్యాక్యూమ్ మూతికి పాత సాక్సు తొడిగి ఒకసారి పట్టండి. సాక్సులో చిన్న మనుషులు, కుర్చీలు దొరికితే పారెయ్యకుండా ఓ గిన్నెలో వేసి ఉంచండి, వచ్చినప్పుడు అతికించి పెడతాం.