చువాలోను ఎన్ని రౌండ్లలో ఆపారన్నదే కొలత కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం ఆటల పేజీలో పాత హెవీవెయిట్ బాక్సర్ల మీద వేసిన పట్టిక చూశాను. నిఖత్ జరీన్ గెలిచిన రోజున తప్ప బాక్సింగ్ ఊసెత్తని మన పేపర్లలో జార్జ్ చువాలో పేరు కనబడటమే గొప్ప, అందుకు థాంక్స్. కానీ ఆ కెనడా బాక్సర్‌ను జార్జ్ ఫోర్‌మన్ 3వ రౌండ్లో, జో ఫ్రేజియర్ 4వ రౌండ్లో ఆపారు (అంటే నిర్ణీత రౌండ్లు పూర్తికాకముందే ముగించి గెలిచారు), ముహమ్మద్ అలీ రెండుసార్లు తలపడి కూడా ఆపలేకపోయాడు, కాబట్టి గొప్పతనంలో వరస కూడా ఇదే అని తేల్చేశారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండింది.

ముందు ఒక సంగతి. చువాలో 93 ప్రొఫెషనల్ పోటీలు ఆడాడు, 73 గెలిచి 18 ఓడాడు, రెండు డ్రా. ఇన్నింటిలో ఒక్కసారి కూడా కింద పడలేదు. ఫోర్‌మన్ కొట్టినప్పుడూ పడలేదు, ఫ్రేజియర్ కొట్టినప్పుడూ పడలేదు, రెండుసార్లూ ఆయన కాళ్ల మీద నిలబడి ఉండగానే రిఫరీ మధ్యలోకి వచ్చి ఆపాడు. అంటే 3, 4 అన్న అంకెల్లో పంచ్ బలం ఎంత ఉందో, ఇక చాల్లే అని రిఫరీ అనుకున్న క్షణం కూడా అంతే ఉంది. దాన్ని తీసుకొచ్చి బలానికి తూకంరాయిలా వాడితే ఎలా?

ఇంకా ముఖ్యమైనది, ఎవరికి ఏ వయసు చువాలో దొరికాడన్నది. మీ పట్టికలో ఆ గడే లేదు. 1967 జులై 19న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫ్రేజియర్ ముందు నిలబడ్డ చువాలోకి 29 ఏళ్లు, అప్పటిదాకా ఆయన్ను ఎవరూ గడువుకు ముందు ఆపలేదు. ఫ్రేజియర్ ఏం చేశాడంటే, తల ఊపుకుంటూ కిందికి వంగి లోపలికి చొరబడి, ఎడమ చేత్తో పక్కనుంచి వంపుగా కొట్టే ఆ పొట్టి లెఫ్ట్ హుక్‌ను పదే పదే ఒకే చోట దించాడు. లెఫ్ట్ హుక్ అంటే ఎదుటివాడి ముఖానికి కుడివైపు తగులుతుంది కదా, నాలుగో రౌండ్ వచ్చేసరికి చువాలో కుడి కన్ను వాచి మూసుకుపోయింది, కంటి గూడు ఎముకే విరిగింది. గట్టి మనిషిని పడగొట్టలేనప్పుడు చూపు లేకుండా చేయడం, అదీ లెక్కతో చేయడం, అది మామూలు విషయం కాదు. పైగా దగ్గరికొచ్చి కొట్టుకోవడం చువాలోకి ఇష్టమైన పద్ధతి. ఆయన పద్ధతిలోనే ఆయన్ను ఓడించాడు.

ఫోర్‌మన్ సంగతి వేరు. 1970 ఆగస్టు 4న అదే గార్డెన్‌లో 21 ఏళ్ల ఫోర్‌మన్, 1968 ఒలింపిక్ బంగారు పతకం తెచ్చుకుని రెండేళ్లు కూడా కాని కుర్రాడు, 32 ఏళ్ల చువాలోను తాళ్లకు నొక్కిపెట్టి రెండు చేతులతో బాదుతుంటే రిఫరీ ఆర్థర్ మెర్కాంటే ఆపేశాడు. భయంకరమైన బాదుడే, కాదనను. కానీ ఆ చువాలో ఫ్రేజియర్ దెబ్బలు, బస్టర్ మాథిస్ దెబ్బలు, జెర్రీ క్వారీ దెబ్బలు అన్నీ తిని వచ్చినవాడు. అందుకే చువాలో వరకు అయితే ఫ్రేజియర్‌దే పైచేయి అంటాను. 1973లో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ ఇదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడుగా అంటారేమో, అది వాళ్లిద్దరి మధ్య లెక్క.

ఇక అలీ. ఆయన చేతిలో పస లేదు అని మీ పేజీలో రాసినవారు 1966 మార్చి 29 నాటి టొరంటో పోటీ పూర్తిగా చూశారా అని అడగాలనుంది. వియత్నాం యుద్ధం మీద అలీ మాటలకు అమెరికా ఊళ్లన్నీ పోటీకి చోటివ్వకుండా మొహం చాటేశాయి, ఆడాల్సిన ఎర్నీ టెరెల్ తప్పుకున్నాడు, మూడు వారాలు కూడా టైమ్ లేకుండా చువాలో ఒప్పుకుని రింగ్‌లోకి దిగాడు. అలీ మొదట్లో చేతులు పైకెత్తి కొట్టుకో అన్నట్టు పొట్ట చూపించాడు, ఆయన కొట్టాడు, పక్కటెముకల మీద, నడుం మీద, ఒక్కోసారి బెల్టు కిందకు కూడా. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవని రకం చువాలో, పదిహేను రౌండ్లూ ముందుకే నడిచాడు. అయినా రిఫరీ, ఇద్దరు జడ్జిలూ అలీకే భారీ తేడాతో పాయింట్లు ఇచ్చారు. పోటీ అయ్యాక అలీ మూత్రంలో రక్తం పడి ఆస్పత్రికి వెళ్లాడు, నేనేమో మా ఆవిడతో డాన్సుకు వెళ్లాను అని చువాలో తర్వాత సరదాగా చెప్పుకునేవాడు. పడని మనిషితో అలా 15 రౌండ్లు దెబ్బలు తింటూ, అంతకంటే ఎక్కువ కొడుతూ గెలవడం మీ పట్టిక లెక్కలో "ఆపలేకపోయాడు" అన్న మాటకు కుదించుకుపోయింది.

ఫోర్‌మన్ చువాలోను ముగించేశాడు అని మీరు రాసిన వాక్యం కూడా నిలవదు. ఆ పోటీ తర్వాత రెండేళ్లు తిరగకముందే, 1972 మే 1న వాంకూవర్‌లో, 34 ఏళ్ల చువాలో మళ్లీ అలీతో 12 రౌండ్లూ నిలబడ్డాడు.

ఉమ్మడి ప్రత్యర్థి ద్వారా వరస కట్టడం ఎంత గజిబిజో చూపడానికి 1969 ఒక్కటి చాలు. ఫిబ్రవరిలో మాథిస్ చువాలోను ఓడించాడు, మార్చిలో క్వారీ ఆ మాథిస్‌ను ఓడించాడు, డిసెంబరులో చువాలో క్వారీని 7వ రౌండ్లో నాకౌట్ చేశాడు. ఇప్పుడు చెప్పండి, ముగ్గురిలో ఎవరు పైన? (ఆ నాకౌట్ కూడా వింతే, కింద పడ్డ క్వారీ లేచి మళ్లీ ఒక మోకాలి మీద కూర్చుని, రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేవలేదు.) ఇక ఫ్లాయిడ్ ప్యాటర్సన్, 1959లో జొహాన్సన్ చేతిలో ఒక్క రౌండ్లోనే ఏడుసార్లు కింద పడిన మనిషి, 1965లో ఎప్పుడూ పడని చువాలోను చేతి వేగంతో 12 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించాడు. గడ్డం గట్టిది కావడం, అంటే దెబ్బలకు పడకపోవడం వేరు, గెలవడం వేరు.

పట్టిక మరో వారం వేస్తే వయసు గడితో పాటు, నిర్ణీత రౌండ్లూ ఆడి చువాలో మీద గెలిచినవాళ్ల పేర్లూ వేయండి. జిమ్మీ ఎల్లిస్ అసలు లేడు. 1980లో మద్రాసులో అలీతో ప్రదర్శన పోటీ ఆడింది ఆ ఎల్లిసే, 1971లో టొరంటోలో చువాలోను 10 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించిందీ ఆయనే.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్