ఆ ఎర్రమచ్చ ఆలోచన కాదు, నెత్తురు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫంక్షనల్ ఎంఆర్ఐ మీద, అంటే మెదడు పని చేస్తుండగా తీసే స్కాన్ మీద, వచ్చిన వ్యాసం చదివాను. ‘మన ఆలోచనలను ఫొటో తీసే యంత్రం’ అని రాశారు. కింద మెదడు బొమ్మ, దాని మీద ఎర్రటి మచ్చ. ఆ మచ్చ ఆలోచన కాదండీ, నెత్తురు. ఈ పద్ధతికి మూలం కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా పేరు వ్యాసంలో ఎక్కడా లేదు. అది ఇంకా బాధనిపించింది.

నేను తిరుపతిలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. 1980లలో నా రీసెర్చ్ రాగి కలిపిన గాజు మీద. దానికి ఈఎస్ఆర్ తీసేదాన్ని. రక్తపరీక్ష రిపోర్టులో కనిపించే ఈఎస్ఆర్ కాదు, ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్. జత లేని ఎలక్ట్రాన్‌ను అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవ్‌తో పలకరిస్తే అది బదులిస్తుంది, అంతే. శాంపిళ్లు సంచీలో వేసుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు ఐఐటీకి వెళ్లేవాళ్లం.

ఒకసారి నా వంతు కోసం కూర్చుని ఉంటే, నా ముందున్నాయన క్వార్ట్జ్ గొట్టంలో రక్తపు ప్లాస్మా తెచ్చాడు. నీళ్లు మైక్రోవేవ్‌ను మింగేస్తాయి కాబట్టి దాన్ని లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించాడు. చార్టు మీద పెన్ను మెల్లగా జరుగుతూ, అయస్కాంత క్షేత్రం 1,500 గాస్ ఉన్న దగ్గర చిన్న గుబ్బ గీసింది. ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ మోసే ఇనుము అన్నాడు. 3,200 దాపుల్లో ఇంకోటి లేచింది. సెరులోప్లాస్మిన్ అనే ఇంకో ప్రొటీన్‌లో ఉన్న రాగి అట. నా గాజులో పలికే రాగే మనిషి నెత్తురులోనూ పలుకుతోంది! ఆ రోజు నా శాంపిళ్ల సంగతి కాసేపు మర్చిపోయాను.

అయితే ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ ఆ యంత్రానికి దొరకదు. ఆక్సిజన్ పట్టుకుని ఉన్నప్పుడు దానికి అయస్కాంత గుణం ఉండదు, వదిలేశాక వస్తుంది. ఈ సంగతి 1936లోనే పౌలింగ్, కొరియెల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కానీ వదిలేశాక వచ్చిన ఆ గుణం కూడా మామూలు ఈఎస్ఆర్ మెషీన్‌కు అందే రకం కాదు. మరి దాని కదలికలు చూసేదెలా? స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ మెకానెల్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒగావా, హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 93వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ఒక చిన్న నైట్రాక్సైడ్ అణువును తగిలించాడు. ఆవు మెడలో గంట కట్టినట్టన్నమాట. ఆక్సిజన్ ఎక్కినప్పుడో దిగినప్పుడో ప్రొటీన్ ఒళ్లు కదిపితే గంట చప్పుడు మారుతుంది. ఆ పేపరు 1967లో వచ్చింది.

ఆ మరుసటి ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. టెలిఫోన్ కంపెనీ ల్యాబులో నెత్తురు పరిశోధన! ఇప్పుడైతే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? 1990లో అక్కడే ఎలుకల మెదడు బొమ్మల్లో నల్లటి గీతలు చూశాడు. అవి రక్తనాళాలు. ఎలుకకు వట్టి ఆక్సిజన్ పీల్పిస్తే గీతలు మాయం. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొట్టడం వల్లే ఆ నలుపు. 1936 నాటి గుణమే మళ్లీ కనిపించింది. రెండేళ్లకు మనుషుల మీదా పని చేసింది.

కిందటి కార్తీకంలో మా తమ్ముడికి మెదడులో కణితి ఆపరేషన్‌కు ముందు ఈ స్కాన్ తీశారు. కుడిచేతి వేళ్లు ముడవమన్నారు, చాచమన్నారు. తర్వాత టెక్నీషియన్ దయతలచి నాకు గ్రాఫ్ చూపించాడు. వేళ్లు కదిలిన నాలుగైదు సెకన్లకు గానీ గీత బాగా పైకి లేవలేదు. మెదడులో పని జరిగే చోటికి రక్తం అవసరానికి మించి వస్తుంది. దాంతో అక్కడ ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ వాటా తగ్గి, సిగ్నల్ కొద్ది శాతం పెరుగుతుంది. ఆ రక్తం వచ్చేందుకే అంత టైము. ఆలోచనే అయితే అంత తాపీగా వస్తుందా?

బయటికొచ్చాక మావాడి టెన్షన్ ఇంకోటి. “అక్కా, లోపలున్నంతసేపూ ఇడ్లీ గురించే అనుకున్నా, వాళ్లకు కనబడిందా?” అన్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు పాపం. మీ వ్యాసం చదివినవాళ్లు కూడా ఇలాగే అడుగుతారని భయం.

వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. ఒగావా పేరు రాయండి. ఆ ఎరుపు మెదడుది కాదని, కంప్యూటర్ వేసిన రంగని కూడా ఒక ముక్క కలపండి.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి