పేరు రాయొద్దన్న పెద్దమ్మకు వందనాలు

ఈ వేసవి సెలవుల్లో హనుమకొండలోని మా చర్చి సంఘంలో ఇంటర్న్‌షిప్ చేశాను. డిగ్రీ అయ్యాక దేవుని సేవకు వెళ్లాలా, ఉద్యోగం చూసుకోవాలా అన్న టెన్షన్‌తోనే వచ్చాను. వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ బడిలో) పిల్లలకు పాటలు నేర్పడం, ఆరాధనలో వాక్యం చదవడం బాగానే సాగాయి. సేవ అంటే ఏంటో దగ్గరుండి చూపించింది మాత్రం మీరే పెద్దమ్మా.

ఎంజీఎం ఆసుపత్రికి నన్ను వెంటబెట్టుకుని పోయేవారు. ఏ మంచం దగ్గరికి వెళ్లినా ప్రార్థన కన్నా ముందు "తిన్నవా బిడ్డా?" అని అడిగేవారు. ఒక ముసలాయన మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటే విడిపించుకోలేదు. ఇంకో చేత్తోనే చెంచాతో జావ తాగించారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన ఊరి సంగతులే మాట్లాడారు. ప్రార్థన చివర్లో, రెండే మాటలు.

దోర్నకల్ కెథెడ్రల్ చూపించి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు ఎడ్లబండి మీద ఊరూరా తిరిగిన సంగతి చెప్పిందీ మీరే.

"సేవకు దేవుని పిలుపు వచ్చిందా?" అని అందరూ అడిగారు, మీరు తప్ప. నాకు ఆ తీరిక ఇచ్చినందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాను. ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాను. క్రిస్మస్ సెలవులకు వస్తాను, వార్డుకు నన్నూ తీసుకెళ్లండి.