హాలు మధ్యలో చోటు ఉంచు తల్లీ

ఉదయగిరి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీవు, అల్లుడు గారు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

నెల్లూరులో మీరు తీసుకున్న ఫ్లాటు హాలుకు ఏమేమి కొనాలో దుకాణంవారు గీసి ఇచ్చిన బొమ్మను నీవు ఫోన్‌లో పంపగా చూశాను. ఎల్ ఆకారపు సోఫా, దాని ముందు గ్రానైటు పలక పరిచిన టీపాయ్, ఎదురుగా గోడ పొడవునా టీవీ యూనిట్, అన్నీ పొందికగానే ఉన్నాయి. అయితే మీ గడపలోకి ఎవరెవరు వస్తారో, వచ్చినవారు ఎంతసేపు ఉంటారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో ఆ గీసినవారికి తెలియదు. నాకు తెలుసు. అందుకే మీరు అడ్వాన్సు కట్టకముందే నా ఆలోచన వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నెల్లూరులో కాపురం పెట్టినవారి ఇంటికి చుట్టాలు పెళ్ళిళ్లకూ పేరంటాలకూ మాత్రమే రారు తల్లీ. మన ఉదయగిరి, వింజమూరు, పామూరు వైపు ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఇక్కడి డాక్టరు పెద్దాసుపత్రిలో చూపించుకోమనగానే, ఎక్కువమంది బస్సెక్కేది నెల్లూరుకే. పరీక్షలు చేసి రిపోర్టులు రేపు ఇస్తామంటే ఆ రాత్రి వారు తల వాల్చేది తమవాళ్ల ఇంట్లోనే. రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలకు మీ అత్తగారి తరఫువారు వస్తారు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె అనీ, ఉద్యోగం రొట్టె అనీ, సంతానం రొట్టె అనీ మార్చుకునే రొట్టెల పండుగకు కులమతాల పట్టింపు లేకుండా జనం వస్తారు. అందులో మన ఊరివారు కొందరు తప్పక మీ తలుపు తడతారు. చంద్రమానం లెక్క గనుక ఆ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రాబోయే కొన్నేళ్లు అది ఎండలు తగ్గని రోజుల్లోనే పడుతుంది. వీరందరికీ మీ ఇంట్లో ఉన్నది ఒక్క హాలు. పగలు కూర్చునే గదీ అదే, రాత్రి పక్కలు పరిచే గదీ అదే. కాబట్టి ఏ వస్తువు కొన్నా ముందు చూడవలసినది అది ఎంత నేలను ఆక్రమిస్తుందన్నదే.

నీవు చెప్పిన కొలతల ప్రకారం మీ హాలు 17 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. ఒక మనిషి ఒత్తిగిలి పడుకోవాలంటే 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాప పరవాలి. ఒక వైపు 9 అడుగులు, మరో వైపు 7 అడుగులు సాగే ఆ ఎల్ సోఫాను, టీపాయ్‌ను, అడుగున్నర లోతుండే టీవీ యూనిట్‌ను సుద్దముక్కతో నేల మీద గీసి చూడండి. వంటింటికీ పడకగదికీ నడిచే దారి విడిచిపెట్టాక నలుగురికి పక్క వేయడం కష్టమని మీకే తెలుస్తుంది. అదీగాక ఎల్ సోఫా మూలన ఎవరూ సరిగ్గా కూర్చోలేరు. కొన్న ధరలో ఆ మూలకు పెట్టింది వృథా. దాని బదులు పొడవు గోడకు 7 అడుగుల మూడు సీట్ల సోఫా, కిటికీ ఉన్న పొట్టి గోడకు 6 అడుగుల దివాన్, టీవీని గోడకే బిగించి కింద ఏమీ లేకుండా ఉంచితే, మధ్యలో 14 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఖాళీ నేల మిగులుతుంది. అందులో నలుగురు వరుసగా పడుకున్నా పక్క నుండి నడిచిపోవడానికి 2 అడుగుల దారి ఉంటుంది. ఐదో మనిషి దివాన్ మీద పడుకుంటాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు కూర్చోవలసి వస్తే మడత కుర్చీలు చాలు; పని అయ్యాక వాటిని తలుపు వెనక నిలబెట్టుకోవచ్చు.

ఆ గ్రానైటు టీపాయ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చీమకుర్తి నల్లరాయి అంటే నాకూ మక్కువే. బ్లాక్ గెలాక్సీ అని దేశాలన్నీ కొనుక్కుపోతున్న ఆ రాతిలో కనిపించే బంగారు చుక్కలు ఎవరో అద్దినవి కావు, బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు వెలుగు పడి మెరవడమే. మన పక్కన దొరికే రాయిని ఇంట్లో పెట్టుకోవాలన్న అల్లుడు గారి కోరిక న్యాయమైనదే. కానీ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం గల పలక ఒక్కటే 40 కిలోల దాకా తూగుతుంది. రాత్రి పది గంటలకు చాపలు పరచవలసి వచ్చినప్పుడు దాన్ని ఎవరు జరుపుతారు? పైగా చిన్నవాడు ఇప్పుడిప్పుడే పరుగులు నేరుస్తున్నాడు, పడితే ఆ రాతి అంచు వాడి నుదుటికి తగలవచ్చు. ఆ రాయిని కిటికీ కింది గట్టుకు వేయించండి. అక్కడ నీళ్ల బిందె పెట్టినా, పూలకుండీ పెట్టినా శాశ్వతంగా ఉంటుంది. టీపాయ్ మాత్రం ఒక్క చేత్తో ఎత్తగలిగే చెక్కదే తీసుకోండి.

ఇక కూర్చునే ఎత్తు. దుకాణాల్లో ఇప్పుడు చూపిస్తున్న సోఫాలు చాలావరకు 15, 16 అంగుళాల ఎత్తుతో, లోపలికి బాగా లోతుగా ఉంటున్నాయి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆమె అందులో కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి, ఆమె స్వభావం తెలిసినదానివి గనుక చెబుతున్నాను, ఒకరిని సాయం అడగవలసి వస్తుందని దాహం వేసినా లేవకుండా కూర్చునే మనిషి ఆమె. సీటు ఎత్తు 18 అంగుళాలు ఉండాలి, రెండు వైపులా చేతులు ఊని లేవడానికి గట్టి చెక్క చేతులుండాలి, ఫోమ్ 40 డెన్సిటీకి (అంటే ఘనమీటరుకు 40 కిలోల బరువుకు) తగ్గకూడదు. మెత్తగా ఉందని తక్కువ డెన్సిటీది తీసుకుంటే కొన్నాళ్లకే గుంట పడి, పెద్దవాళ్ల నడుముకు శిక్ష అవుతుంది. పై గుడ్డ రెక్సిన్ వద్దు. రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు రెక్సిన్ మీద కూర్చున్నవారి వీపు చెమటతో అతుక్కుపోతుంది. ఉతికి తిరిగి తొడిగే నూలు కవర్లు రెండు జతలు కుట్టించు.

దివాన్ ఇక్కడే చేయిద్దామని నా ఉద్దేశం. కాళ్లూ చట్రమూ టేకుతో, కింద పెట్టె మాత్రం ప్లైవుడ్‌తో చేయిస్తే ధర అదుపులో ఉంటుంది. ఆ పెట్టెలో చాపలు, బొంతలు, దిండ్లు, దుప్పట్లు పెట్టుకుంటే బీరువా ఖాళీ అవుతుంది, అర్ధరాత్రి వచ్చినవారికి కూడా అయిదు నిమిషాల్లో పక్క సిద్ధమవుతుంది. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అన్న ముద్ర, అంటే తేమకు తట్టుకునే మెరైన్ ప్లై అని తెలిపే ముద్ర, ఉన్నదే కావాలని నేను వడ్రంగికి ఖచ్చితంగా చెబుతాను. అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన జిల్లాకు వానలూ తుపాన్లూ వచ్చే కాలం. గోడలు చెమ్మగిల్లితే మామూలు ప్లై ఉబ్బి పొరలు విడిపోతుంది. ఏ సామానునైనా గోడకు మూడు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంచండి; గాలి ఆడుతుంది, చెద పట్టినా తొందరగా కంట పడుతుంది. తూర్పు కిటికీకి ఏదీ అడ్డం పెట్టవద్దు. వేసవి మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుండి వచ్చే గాలికి ఆ ఇంట్లో ఉన్న దారి అదొక్కటే. 17 అడుగుల గదికి ఒక్క ఫ్యాను చాలదు, 1200 మిల్లీమీటర్లవి రెండు బిగించండి. రంగులు, తెరలు, గోడ మీద పటాలు మీ ఇద్దరి ఇష్టం, వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు.

వచ్చినవారిని చూసుకోవడం నీకు నేర్పనవసరం లేదు, మీ అమ్మను చూసి పెరిగినదానివి. అయినా ఆసుపత్రి పని మీద వచ్చేవారి విషయంలో కొన్ని మాటలు చెబుతాను. వారు గడపలో అడుగు పెట్టగానే మంచినీళ్లు, వెనువెంటనే మజ్జిగ ఇవ్వు, కాఫీ తరువాత. చేతిలోని సంచి ఎక్కడ పెట్టుకోవాలో ముందే చూపించు. రిపోర్టుల కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారిని నేను చాలామందిని చూశాను, చోటు చూపిస్తేనే వారికి కొంత నిమ్మళం. ఏమి జబ్బని పదిమందిలో అడగవద్దు, వారు వంటింట్లోకి వచ్చి నీతో చెప్పుకునేదాకా ఆగు. దివాన్ వారికే ఇవ్వు. బాత్రూము దారిలో రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వు. వీధి తలుపు తాళంచెవి ఒకటి అదనంగా చేయించి వారి చేతిలో పెడితే, తెల్లవారుజామున టోకెను కోసం వెళ్లేటప్పుడు మిమ్మల్ని లేపాలని మొహమాటపడరు. ఎన్నాళ్లు ఉంటారన్న ప్రశ్న నీ నోట రాకూడదు, పిల్లల నోట అసలే రాకూడదు.

భోజనాల సంగతి. చేపల పులుసు ఒక రోజు ముందే పెట్టి ఉంచితే మరునాటికి ముక్కకు పులుపు పట్టి రుచి పెరుగుతుంది, నీకూ ఆ పూట వంటింట్లోనే ఉండిపోవలసిన పని తప్పుతుంది. మామిడికాయల కాలమైతే నాలుగు ముక్కలు వేయడం మరవకు. అయితే శనివారాలు, కార్తీక మాసం పాటించేవారెవరో ముందే ఫోన్‌లో కనుక్కో. రోగి కోసం కారం లేని పప్పు, చారు వేరుగా తీసి ఉంచు. మధ్యలో నేల ఖాళీగా ఉంటే పదిమంది వచ్చినా ఒకే బంతిలో కింద కూర్చుని తినవచ్చు. కింద కూర్చోలేని పెద్దవారికి మాత్రం కుర్చీ, ఎదురుగా ఆ తేలిక టీపాయ్ వేయి. వడ్డించడానికి మన ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఒక జత పంపుతున్నాను. ఇక్కడి కొండ కర్రతో చేతితో చెక్కినవి అవి. నీళ్లలో నానబెట్టకు, కడిగిన వెంటనే తుడిచి నీడలో ఆరబెట్టు, నెలకొకసారి కొంచెం కొబ్బరినూనె రాయి. అద్దాల బీరువాలో ఉంచేందుకు కాదు, వాడుకునేందుకే పంపుతున్నాను.

కిటికీ అడుగు అంచు నేల నుండి ఎంత ఎత్తులో ఉందో, ఆ గోడ మీద స్విచ్ బోర్డు ఎక్కడ ఉందో అల్లుడు గారిని కొలిచి పంపమను. దివాన్ వెనక చెక్క కిటికీ రెక్కలకు తగలకుండా ఉండాలంటే ఆ రెండు కొలతలూ కావాలి. ఆదివారం లోపల అందితే సోమవారం వడ్రంగిని పిలిచి ధర మాట్లాడతాను. పిల్లలకు మా ముద్దులు, అల్లుడు గారికి మా ఆశీస్సులు.

ఇట్లు,
నాన్న